ఆరు అరల తెరచాప

ఫిబ్రవరి 9

అక్కా,

ఇక్కడ నేను క్షేమం, పడవ క్షేమం, ఇంట్లో శాంతి మాత్రం అంత క్షేమంగా లేదు. కారణం నీ మరదలు. కారణం నేనేనని నీ మరదలు అంటోంది.

సంగతేమిటంటే, ఆవిడ పడవ అమ్మేయమంటోంది. పోయినేడాది ముందువైపు తెరచాప దించబోయి జారిపడ్డానా, స్పృహ తప్పిందా, భుజం విరిగిందా, అప్పట్నుంచి ఈ కుడిచెయ్యి ఛాతీ దాటి పైకి లేవడం లేదు. ఇక ఇంతేనని డాక్టరు కూడా చెప్పేశాడు. ఇంకోసారి పడితే ఆసుపత్రి చుట్టూ తిరగడం తనవల్ల కాదని నీ మరదలు తేల్చి చెప్పింది. సైకిళ్ల షాపాయన పడవ కొంటానని రెండుసార్లు ఇంటికొచ్చాడు. మొదటిసారి టీ ఇచ్చింది. రెండోసారి టీతోపాటు బిస్కెట్లు కూడా పెట్టింది. బిస్కెట్ల దాకా వచ్చిందంటే వ్యవహారం ముదిరినట్టే.

నాలుగు రోజులు భోజనం మీద అలిగాను. ఐదో రోజు ఒప్పందం కుదిరింది. మే నెల రెండో ఆదివారం నేను ఒక్కణ్ణే, ఇంజను వేయకుండా, తెరచాప మీదే రేవు బయట నీళ్ల మీద తేలుతూ ఉన్న ఎర్ర బోయా దాకా వెళ్లి, దాన్ని చుట్టి జెట్టీకి తిరిగి రావాలి. వస్తే పడవ నాది. రాకపోతే సోమవారం నుంచి సైకిళ్ల షాపాయనది.

మామూలు తెరచాపలతో ఒంటిచేత్తో అది అయ్యే పని కాదు. అందుకని పడవ పద్ధతే మార్చేస్తున్నాను. పాతకాలపు చైనా ఓడలకి ఉండేది చూడు, అలాంటిది. నిలువుగా ఒకే కొయ్య, ఒకే పెద్ద తెరచాప, దానికి అడ్డంగా బద్దలు. కిటికీకి కట్టే మడతల తెర లాంటిదే అనుకో. తాడు లాగితే లేస్తుంది, వదిలితే మడతలు పడుతూ దిగిపోతుంది. ముందుకి పాకుతూ వెళ్లక్కర్లేదు, కూర్చున్న చోటినుంచే అన్నీ. తాడు చుట్టడానికి చేత్తో తిప్పే చక్రం బిగిస్తున్నాను, దానికి ఎడమచెయ్యి చాలు.

ఆ తెరచాప నువ్వు కుట్టాలి. ఇక్కడ తెరచాపలు కుట్టే ఆయన్ని అడిగితే బొమ్మ చూసి నవ్వాడు, ఇది మా షాపులోంచి వచ్చిందని ఎవరికీ చెప్పకూడదన్నాడు. ముప్పై ఏళ్లుగా స్కూలు యూనిఫారాలు కుడుతున్నదానివి, నీకు ఇదొక లెక్కా?

బావని అడిగానని చెప్పు. జవాబు ఆలస్యం చెయ్యకు.

నీ తమ్ముడు


ఫిబ్రవరి 17

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరం మీ బావ పైకి చదివి వినిపించారు. బిస్కెట్ల దగ్గర ఆగి ఐదు నిమిషాలు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. నీకు అరవై ఒకటి. లిఫ్టులు రిపేరు చేసి చేసి రిటైరైన మనిషివి, మిగతావాళ్లలా పొద్దున్నే నడకకి వెళ్లి పేపరు చదువుకుంటే ఏం పోయింది?

ఇంతకీ పాత కొయ్య ఏం చేస్తావు? కొత్తది ఎక్కడ దొరుకుతుంది? దాన్ని నాలుగువైపులా తాళ్లు పట్టుకోవా? ఆ తెరచాప దబ్బున మీద పడితే? నాకు పడవల గురించి తెలిసింది ఒక్కటే, అవి ఊగుతాయి. పెళ్లయిన కొత్తలో నువ్వు మమ్మల్ని ఎక్కించినప్పుడు మీ బావకి కడుపులో తిప్పింది. అది ఆయన ఇప్పటికీ ఒప్పుకోరు.

స్కూళ్లు జూన్‌లో తెరుస్తారు కాబట్టి ఇప్పుడు షాపులో పని పలుచగానే ఉంది. కొలతలు పంపు. కుడతాను. కుడతానన్నాను గానీ నీ ఆలోచన బాగుందని అనలేదు, ఆ రెండూ కలిపేసి మరదలి దగ్గర నా పేరు వాడకు.

భుజానికి కాపడం పెడుతున్నావా?

అక్క


ఫిబ్రవరి 25

అక్కా,

బతికించావు. నీ ప్రశ్నలకి వరసగా జవాబులు.

పాత కొయ్య పక్క పడవవాడు తీసుకెళ్లాడు. కొత్తది వీధిదీపం స్తంభం. నవ్వకు. పాత స్తంభాలు పీకేసి ఒక గోడౌన్లో పడేశారు. వాటిలో అల్యూమినియంది, తేలికైనది, వంకర లేనిది ఒకటి ఏరుకున్నాను. పట్టుకోవడానికి తాళ్లేమీ ఉండవు. పడవ పైబల్లకి గుండ్రంగా కన్నం కోసి, స్తంభాన్ని లోపల అడుగుదాకా దింపి బిగించేశాను. కన్నం కోస్తుంటే నీ మరదలు జెట్టీ మీదినుంచి చూసి, “మునగాలంటే కన్నం కింద పెట్టాలి, పైన కాదు” అని సలహా చెప్పి వెళ్లిపోయింది. రేవులో అందరూ ఇప్పుడు నన్ను ‘లైటాయన’ అంటున్నారు. లైటు ఎప్పుడు వెలుగుతుందని రోజూ అడుగుతున్నారు.

గుడ్డ పార్సిల్లో వస్తుంది. ఇప్పుడు కొలతలు. తెరచాపకి అడ్డంగా ఆరు అరలు. ఒక్కో అర వెడల్పు నూట ముప్పై రెండు అంగుళాలు, ఎత్తు ముప్పై రెండు. అరకీ అరకీ మధ్య బద్ద దూరడానికి గొట్టంలా మడత కుట్టు. చుట్టూ బలమైన పట్టీ. బొమ్మ గీసి పెట్టాను.

ఒక్క మాట, కోపగించుకోకు. ఇది తెరచాప. యూనిఫారం కాదు. ఇది ఎదగదు. నువ్వు ప్రతి గుడ్డకీ పొడుగులో నాలుగంగుళాలు వదిలే అలవాటు దీని దగ్గర చూపించకు. చిన్నప్పుడు నువ్వు కుట్టిన లాగూల్లోకి నేను ఎదిగేసరికి అవి చిరిగిపోయేవి. రాసింది రాసినట్టు కుట్టు.

నీ తమ్ముడు


మార్చి 20

తమ్ముడూ,

తెరచాప పంపేశాను. దాన్ని పరిస్తే షాపంతా నిండి గుమ్మం దాటి మెట్ల మీదికి వెళ్లింది. మూడు రోజులు మెట్లెక్కిన ప్రతివాళ్లూ చెప్పులు విప్పి దాటారు. బటన్లు కుట్టే అమ్మాయి ఒక అర కింద దూరి కునుకు తీసింది, మనిషి కనపడక గంటసేపు వెతికాం. పట్టీ కుట్టడానికి మూడు సూదులు విరిగాయి. మీ బావ దీన్ని చూసి, “ఇది ఎగరేస్తే పడవ లేస్తుందా, ఇల్లు లేస్తుందా?” అన్నారు.

వెడల్పు నూట ముప్పై రెండు, ఎత్తు ముప్పై రెండు. రాసింది రాసినట్టే. ఒక్క దారప్పోగు ఎక్కువ లేదు, కావాలంటే టేపు పెట్టి చూసుకో. చెప్పిన మాట వినదని ఇంక నన్ను అనకు.

మరదలిని అడిగానని చెప్పు. బిస్కెట్లు ఎలాంటివో రాయలేదు.

అక్క


మార్చి 28

అక్కా,

నిన్న తెరచాప ఎక్కించాను. రేవు మొత్తం పనులు మానుకుని చూసింది. స్తంభం పైన రెండడుగులు బోసిగా మిగిలిపోయింది. పెద్దమనిషి పొట్టి లాగూ వేసుకుని పెళ్లికి వచ్చినట్టుంది.

అయినా సరేనని బయటికి తీసుకెళ్లాను. గాలి వెనకనుంచి ఉన్నంతసేపు బాగానే పోయింది. గాలికి ఎదురు తిప్పగానే పీతలా పక్కకి నడవడం మొదలుపెట్టింది. గుడ్డ చాలదు, పైగా పలకలా చదునుగా ఉంది. గంటసేపు తంటాలు పడ్డాక ఒక జాలరి జాలిపడి తాడేసి లాక్కొచ్చాడు. నీ మరదలు అక్కణ్ణుంచి తిన్నగా బిస్కెట్లు కొనడానికి వెళ్లింది.

నువ్వు రాసినట్టే టేపు పెట్టి చూశాను. ప్రతి అరా ముప్పై రెండే. అక్కా, కావలసింది ముప్పై ఆరు! నువ్వు ఎంత చెప్పినా నాలుగంగుళాలు కలుపుతావని తెలిసి, ముందే నాలుగు తగ్గించి రాశాను. వద్దంటే తప్పకుండా కలుపుతావని వద్దని కూడా రాశాను. అరవై ఏళ్లలో నా మాట ఒక్కసారీ విననిదానివి, వినక వినక ఇప్పుడే వినాలా?

ఇంక ఆరు వారాలే ఉంది.

తమ్ముడు


ఏప్రిల్ 4

తమ్ముడూ,

బాగుందిరా. మాట వినకపోతే మొండిది, వింటే తప్పుచేసింది. కొలత తప్పు రాసింది నువ్వు, మూడు సూదులు విరగ్గొట్టుకుంది నేను, నీ ఉత్తరం పైకి చదవబోయి నా మొహం చూసి ఆపేసింది మీ బావ.

జాలరి లేకపోతే ఏమయ్యేదో ఒక్కసారి ఆలోచించావా? గంటసేపు తంటాలు పడ్డానని సరదాగా రాసేశావు. చదివిన నాకు రెండు రోజులు కుట్టు తిన్నగా పడలేదు. పోనీ ఈ సంగతి ఇంతటితో వదిలెయ్యరాదూ? ఆ సైకిళ్ల షాపాయన మంచివాడిలాగే ఉన్నాడు. అప్పుడప్పుడు నిన్నూ ఎక్కించుకుంటాడు.

అక్క


ఏప్రిల్ 11

అక్కా,

కోపంలో రాశాను. తప్పు నాదే. నిన్ను నమ్మకుండా నీకంటే తెలివిగా ఉండబోయి బోర్లా పడ్డాను.

వదిలెయ్యమన్నావు. ఎందుకు వదలలేనో ఎవరికీ చెప్పలేదు, నీకు చెప్తాను. భుజం విరిగాక ఇంట్లో నేనొక గాజు సామానునైపోయాను. పై అరలో డబ్బా అందుకోబోతే నీ మరదలు పరుగెత్తుకొస్తుంది. బస్సులో కుర్రవాళ్లు లేచి సీటిస్తున్నారు. చొక్కా బొత్తాలు పెట్టుకోవడానికి పావుగంట పడుతుంది, ఆవిడ గుమ్మంలో నిలబడి పెట్టనా అని అడుగుతుంది. ప్రేమతోనే అడుగుతుంది, అందుకే మరీ కష్టంగా ఉంటుంది. పడవలో మాత్రం ఎవరూ పెట్టనా అని అడగరు. అక్కడ ఏది జరిగినా నేను చేస్తేనే జరుగుతుంది. అది కూడా పోతే ఇంక నాకు నేను దేనికీ పనికిరాను అనిపిస్తోంది. సైకిళ్ల షాపాయన పక్కన కూర్చుని అప్పుడప్పుడు షికారు చెయ్యడం నాకొద్దు.

తెరచాప తిప్పి పంపుతున్నాను. ప్రతి అరలో నాలుగంగుళాల పట్టీ, ఈ చివరనుంచి ఆ చివరకి తిన్నగా వేసి పంపు. ఇవి అసలు కొలతలే. ఒట్టు.

నీ తమ్ముడు


ఏప్రిల్ 27

తమ్ముడూ,

నీ ఉత్తరం మీ బావకి ఇవ్వలేదు. నేనొక్కదాన్నే చదువుకున్నాను.

తెరచాప ఈ రోజే పార్సిలు చేశాను. తిన్నని పట్టీలు వెయ్యలేదు, ముందే చెప్తున్నాను. తిన్నగా వెయ్యాలంటే చుట్టూ ఉన్న బలపు పట్టీ మొత్తం విప్పాలి. దానికి మూడు వరసల కుట్టు. అది విప్పి మళ్లీ వేస్తే నీ ఆదివారానికి అందదు. అందుకని అంచుల జోలికి పోకుండా, ప్రతి అరలో కంటి ఆకారంలో ముక్క వేశాను. నడుమ వెడల్పు, రెండు చివరలా సన్నబడి అంచు దగ్గర ఏమీ లేకుండా పోతుంది. దానివల్ల ప్రతి అరకీ కాస్త బొజ్జ వస్తుంది. చదునైన గుడ్డ భుజం మీద కూర్చోదు, చొక్కాకైనా అంతే. గాలి సంగతి నాకు తెలియదు గానీ దానికీ కాస్త చోటు కావాలేమో.

అందగానే రాయి.

అక్క


మే 3

అక్కా,

అందింది. ఎక్కించాను. ఆరు దిండ్లు నిలువుగా పేర్చినట్టుంది. స్తంభం పైన బోసి అలాగే ఉంది. నేను అడిగింది ఒకటి, నువ్వు పంపింది ఒకటి. ఈ ఆదివారం పోతే వచ్చే ఆదివారమే పందెం. మార్చడానికి టైము లేదు. వారం నుంచి గాలి కూడా లేదు, ఇది నడుస్తుందో లేదో చూద్దామన్నా వీల్లేదు.

నా మీద నీకేం కక్ష అక్కా?

తమ్ముడు


మే 13

అక్కా! అక్కా! అక్కా!

ముందు ఇది చదువు: వెళ్లాను, వచ్చాను. పడవ నాది.

ఇప్పుడు మొదటినుంచి చెప్తాను, కూర్చో. ఆదివారం పొద్దున నీ మరదలు మడతకుర్చీ, గొడుగు, ఫ్లాస్కు పట్టుకుని జెట్టీ మీద కూర్చుంది. పక్కన సైకిళ్ల షాపాయన, కొత్త బూట్లేసుకుని. ఇంజను తాళం కవర్లో పెట్టి, అంటించి, అతుకు మీద సంతకం చేసి నా చేతికిచ్చింది. “ప్రాణం మీదికొస్తే చింపు. చింపితే మాత్రం పడవ పోయినట్టే” అంది. బ్యాంకు ఉద్యోగం చేసిన మనిషి కదా, అన్నీ పక్కాగా ఉంటాయి.

ఎడమచేత్తో చక్రం తిప్పి తెరచాప ఎత్తాను. వెళ్లడం హాయిగా వెళ్లాను. బోయా చుట్టాక మొదలైంది అసలు కథ. గాలి సూటిగా ఎదురు. మార్చిలో పీత నడక నడిచిన చోటు అదే. చుట్టూ ఒక్క జాలరి కూడా లేడు. నిజం చెప్తున్నాను, భయమేసింది. కవరు తీసి మోకాళ్ల మీద పెట్టుకున్నాను. ఓ మూల కాస్త చింపబోయాను కూడా.

అప్పుడు నీ బొజ్జలు నిండాయి అక్కా! ఒకటి తర్వాత ఒకటి, ఆరూ గట్టిగా నిండాయి. పడవ కాస్త ఒరిగి గాలికి ఎదురు నడవడం మొదలుపెట్టింది. సూటిగా కాదులే, ఐమూలగా, ఇటు కొంత, అటు కొంత. మలుపు తిప్పాలంటే చుక్కాని తోస్తే చాలు, తెరచాప దానంతటదే అటు మారుతుంది. రేవు ముందర గాలి ఒక్కసారి ఎక్కువైంది. ఒక తాడు కాస్త వదిలాను, రెండు అరలు మడత పడి దిగాయి, పడవ నిలదొక్కుకుంది. కూర్చున్న చోటినుంచి లేవలేదు. కుడిచేతికి పనే లేదు.

రెండు గంటల నలభై నిమిషాలు. జెట్టీకి చేరగానే నీ మరదలు ముందు కవరు తీసుకుని అతుకు చూసింది. తర్వాత నన్ను చూసింది. తర్వాత సైకిళ్ల షాపాయనతో, “పడవ అమ్మడం లేదండీ. ఈయన బయటికెళ్తే నాకు ఆదివారం ఇంట్లో ప్రశాంతంగా ఉంటుంది” అంది. ఆయన బూట్లు తడిసినా నవ్వుతూనే వెళ్లాడు. ఇంటికొస్తూ దారిలో నా కుడిచెయ్యి పట్టుకుంది.

నన్ను క్షమించు. కక్ష అని రాసిన చేతిని కొట్టుకోవాలనుంది. నేను తప్పు కొలతలు రాయడమే మంచిదైంది. సరిగ్గా రాసుంటే పలకలాంటి తెరచాప వచ్చేది, ఆ రోజు ఓడిపోయేవాణ్ణి. మాట వింటే తిట్టాను, వినకపోతే తిట్టాను. నువ్వు మాత్రం రెండుసార్లూ నాకోసమే కుట్టావు.

నీ తమ్ముడు


మే 20

తమ్ముడూ,

నీ ఉత్తరం మీ బావ మూడుసార్లు చదివారు. సంతకం చేసిన కవరు ఆయనకి బాగా నచ్చింది. మరదలి మీద ఎప్పట్నుంచో ఉన్న గౌరవం రెట్టింపైందట.

నేను మాత్రం ఆఖరి పేరా దగ్గర ఆగిపోయాను. అది నేను ఉంచుకోలేను, తిరిగి ఇచ్చేస్తున్నాను.

మొదటిసారి నీకోసం కుట్టలేదు. నువ్వు గీసిన బొమ్మ పక్కన తెరచాప మొత్తం ఎత్తు రెండువందల పదహారు అంగుళాలని నీ చేత్తోనే రాశావు. ముప్పై రెండు ఆరుసార్లు నూట తొంభై రెండు. యూనిఫారాలు కుట్టేదాన్ని, ఆమాత్రం లెక్క కత్తెర పట్టకముందే వేస్తాను. నువ్వు తగ్గించి రాశావనీ, ఎందుకు తగ్గించావో కూడా అప్పుడే తెలిసిపోయింది. తెలిసే ముప్పై రెండు కత్తిరించాను.

ఆసుపత్రిలో నీకు స్పృహ వచ్చేదాకా గది బయట బెంచీ మీద కూర్చున్నది నేనూ మరదలూ. ఆవిడ నీ మొహం మీదే వద్దని చెప్పగలిగింది. నేను చెప్పలేకపోయాను. చిన్నప్పటినుంచి నువ్వు అడిగింది దేన్నీ కాదనలేదు. నోటితో చెప్పలేక కత్తెరతో చెప్పాను. తెరచాప పొట్టిదైతే నువ్వు ఓడిపోతావు, పడవ పోతుంది, నువ్వు ఉంటావు అనుకున్నాను. నువ్వు దానితో అంత దూరం వెళ్లి జాలరి తాడుకి వేలాడతావని అనుకోలేదు. ఆ ఉత్తరం వచ్చాక కుట్టు తిన్నగా పడలేదన్నది అందుకే.

నిన్ను ఆపబోయి నేనే ముంచేదాన్ని. పైగా నువ్వు తప్పు నాదేనని రాశావు, నేను నోరు మూసుకుని ఊరుకున్నాను. రెండోసారి మనసుపెట్టే కుట్టాను, అది నిజం. కక్ష అన్నావే, ఆ మాట మొదటిసారి అనాల్సింది రెండోసారి అన్నావు.

నీకు కోపం వస్తే రాయి. రాయకపోయినా సరే.

అక్క


జూన్ 2

అక్కా,

కోపం వచ్చింది. రాలేదని అబద్ధం చెప్పను. రెండు రోజులు రేవు వైపే వెళ్లలేదు. ఏమైందని నీ మరదలు అడిగింది, గాలి లేదన్నాను. కిటికీ తెర ఎగురుతూ నా మొహానికే తగులుతోంది, ఆవిడ దాన్నీ నన్నూ మార్చి మార్చి చూసి వంటింట్లోకి వెళ్లిపోయింది.

మూడో రోజు పడవ తీసుకుని బయటికెళ్లాను. నిన్ను తిట్టడానికి మాటలు వెతుక్కుంటూ వెళ్లాను. కొన్ని మంచివే దొరికాయి. కానీ తలెత్తి చూస్తే ఆ ఆరు అరలూ నిండి ఉన్నాయి. దగ్గరగా కూర్చుని చూస్తే ప్రతి కంటి ముక్క చుట్టూ రెండు వరసలు కుట్టి, చివర్లలో మళ్లీ మూడోసారి కుట్టావు. అంత అవసరం లేదు. ఎంత భయపడితే అలా కుడతారో నాకు తెలిసింది. బెంచీ మీద అంతసేపు నువ్వు కూర్చున్నావని మాత్రం ఇన్నాళ్లూ తెలియదు. నేను కళ్లు తెరిచేసరికి నువ్వు ఊరెళ్లిపోయావు, షాపు తెరవాలని వచ్చిన వెంటనే వెళ్లావనుకున్నాను.

పొట్టి తెరచాపతో నేను మునిగిపోయుంటే నువ్వేమయ్యేదానివో అని ఆలోచించాను. దానితో కోపం పోయింది. ఎక్కడో ఓ మూల కాస్త మిగిలే ఉంది, అది ఈ వానలతో పోతుందిలే.

ఇకమీదట నేను కొలతలు ఉన్నవి ఉన్నట్టు రాస్తాను. నీకు భయమేస్తే భయమేస్తోందని రాయి. వెళ్లొద్దని రాస్తే వెళ్లనని మాటివ్వలేను. కానీ ఆ రోజు బోయా దాకా పోకుండా, ఒడ్డు కనిపించేంత దగ్గర్లోనే తిరుగుతాను.

నీ తమ్ముడు